మంచుపలక మీది పిల్లి

పైవాటా ఆవిడ పాలావిడతో అన్నదట: "మా కింద, రెండో అంతస్తులో ఉండే లిఫ్టు మేస్త్రికి మతి చెడింది. పట్టపగలు తలుపులు బిడాయించుకుని, కర్టెన్లు దించుకుని, లోపల పిల్లిని పెట్టి హింసిస్తున్నాడు. నా చెవులారా విన్నాను. ఒకసారి మ్యావుమంటుంది, ఒకసారి బుడుంగుమంటుంది. మళ్ళీ మ్యావు, మళ్ళీ బుడుంగు. ముంచి తీస్తున్నాడో ఏం పాడో!"

పాలావిడ ఈ మాటను తన పాలకంటే చిక్కగా కాచి, మీగడ కూడా కట్టించి, మేస్త్రి భార్య గిన్నెలో పోసింది. భార్య దాన్ని తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"మనింట్లో పిల్లి లేదని చెప్పలేకపోయావా?" అన్నాడు మేస్త్రి.

"చెప్పాను. అయితే అరిచేది మీ ఆయనేనా అంది."

ఇంకో రోజైతే మేస్త్రి పడీ పడీ నవ్వేవాడు. ఆ వారం నవ్వే స్థితిలో లేడు. ఆ బుడుంగు మాట నిజమే. వింటున్నది తనే, వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వింటున్నది తనే, ఎంత విన్నా తలకెక్కనిదీ తనకే.

మేస్త్రి పని లిఫ్టులు బాగుచేయడం. పెద్దాసుపత్రి దగ్గర్నుంచి బట్టల దుకాణాలదాకా, ఊళ్ళో నాలుగంతస్తులు లేచిన ప్రతి కట్టడంలోనూ అతని చేతి గ్రీజు మరక ఉంటుంది. ఊరందర్నీ పైకెక్కించే మనిషి కాపురమున్న ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. అందుకే తల్లి పోయాక తండ్రి, "ఈ మెట్లతో నావల్ల కాదురా" అని, నేలమీద ఇల్లున్న కూతురి దగ్గరికి మారిపోయాడు. ముసలివాళ్ళుండే గది ఖాళీ అయింది కదా, అందులో కుట్టుమిషను వేసుకుందామని భార్య ఆశపడింది. ఆవిడ కర్టెన్లు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆమె కొలత టేపు తెచ్చేలోపే, పక్కగదిలోంచి క్యాసెట్లు ఇందులోకి పాకేశాయి.

అవి కార్టూను బొమ్మల క్యాసెట్లు. పెద్ద సినిమాలు కావు; ఏడెనిమిది నిమిషాల పాతకాలపు చిన్న బొమ్మలు. టోపీ పెట్టుకున్న కప్పలు, జలుబు చేసిన ఏనుగులు, మీద పియానో పడితే చాపలా చదునైపోయి, దులుపుకుని లేచి నడిచే నక్కలు. వీడియో క్యాసెట్లు, తర్వాత వచ్చిన డిస్కులు, అన్నీ పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. పడుకోబెడితే లోపలి రీలు ఒక పక్కకి జారి అంచు నలుగుతుంది. వానాకాలంలో బూజు పట్టకుండా చెప్పుల పెట్టెల్లో వచ్చే తెల్లగుళికల పొట్లాలు మధ్యమధ్య దూర్చి ఉంటాయి. అప్పుడప్పుడూ ఒక్కో క్యాసెట్టునూ మొదటినుంచి చివరికి తిప్పి మళ్ళీ మొదటికి తెస్తాడు, మంచాన పడ్డ మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టినట్టు.

"ఇవన్నీ ఫోన్లో దొరుకుతాయి కదండీ" అంటుంది భార్య.

"ఫోన్లోది ఇవాళ ఉంటుంది, రేపు ఊడుతుంది. పైగా అందులో కోసేస్తారు, రంగులు మార్చేస్తారు. నా అల్మారాలోది ఎవడూ ముట్టుకోలేడు."

"నిజమే. చీపురు కూడా ముట్టుకోలేదు."

ఇంత కూడబెట్టినా అతనికి కావాల్సింది ఒకటే ఒక బొమ్మ. మిగతావన్నీ దాన్ని వెతుకుతూ వెతుకుతూ చేతికి తగిలినవి. "అది దొరికిన రోజున ఈ గది ఖాళీ చేసి నీ చేతిలో పెడతా" అని భార్యకు మాటిచ్చాడు. మాట ఇచ్చేసరికి కొత్తగా ఉన్న కుట్టుమిషను వంటింటి నడవలో ఇప్పుడు పాతబడిపోయింది.

ఆ బొమ్మ ఇదీ. ఒక నల్లపిల్లి చేపను దొంగిలిస్తుంది. వెంటపడితే పరిగెత్తి, గడ్డకట్టిన ఏటి మీదికి దూకుతుంది. మంచుపలక ఫెళ్ళున విరిగి, పిల్లితో సహా సముద్రంలోకి కొట్టుకుపోతుంది. పలక కరుగుతూ ఉంటుంది. మంచమంత ఉన్నది పీటంత అవుతుంది, పీటంత ఉన్నది పళ్ళెమంత. పిల్లి నాలుగు కాళ్ళూ ఒక్కచోటికి చేర్చి, తడవకుండా తోకను కూడా చేత్తో ఎత్తి పట్టుకుంటుంది. పలక జేబురుమాలంత అవుతుంది. అంతే. మరుక్షణం పిల్లి ఇంట్లో ఉంటుంది. కిటికీ బయట మంచు కురుస్తుంటుంది, లోపల పొయ్యి మండుతుంటుంది, ఒక ముసలమ్మ ఊలు అల్లుకుంటుంటుంది, పిల్లి ఊలు ఉండకి తల ఆనించి నిద్రపోతుంటుంది. అయిపోయింది.

సముద్రం నడిమధ్యనుంచి పొయ్యి దగ్గరికి పిల్లి ఎలా వచ్చిందన్నది అన్నాచెల్లెళ్ళ మధ్య చిన్నప్పటినుంచీ తెగని తగువు. ఈదుకుంటూ వచ్చిందని మేస్త్రి. కాదు, పడవ వచ్చిందని చెల్లెలు.

"ఎర్ర తెరచాప అన్నయ్యా! గడ్డం తాత తెడ్డేస్తాడు. నా కళ్ళతో చూశాను."

"కళ్ళతో చూశావో కలలో చూశావో. పడవా లేదు, పాడూ లేదు."

తేల్చుకోవడానికి, టీవీలో వస్తుంటే ఇంట్లో రికార్డు చేసుకున్న ఆ క్యాసెట్టే లేకుండా పోయింది. ఒకనాడు ఇంట్లోని వీసీఆర్ దాన్ని లోపలికి లాక్కుని, నమిలి, చిక్కుపడ్డ దారంలా బయటికి కక్కింది. పిల్లలిద్దరికీ గుర్తున్నదల్లా ఆ క్యాసెట్టు తిరిగిన సాయంత్రాలే. మిల్లునుంచి వచ్చిన నాన్న కుర్చీలో కూర్చుని, తీగ కట్టిన రిమోటు ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆ మిషనుకి ఆయనే రాజు, మంత్రి, తలారి. పిల్లలు నేలమీద. అమ్మ ఎక్కడో లోపల గిన్నెల చప్పుడు. పిల్లి పొయ్యి దగ్గరికి చేరగానే నాన్న నవ్వేవాడు. పెద్దగా కాదు, ముక్కుతో గాలి వదిలినట్టు. మామూలుగా నాన్న నవ్వితే పళ్ళు అరిగిపోతాయనుకునే మనిషి. తండ్రి నవ్వు మేస్త్రికి గుర్తున్న చోటు అదొక్కటే.

అందుకే అతనికి ఆ బొమ్మ కావాలి. ఊళ్ళో ఇలాంటి పిచ్చివాళ్ళే కొందరు బొమ్మల జట్టుగా చేరి, సెలవురోజున పళ్ళ డాక్టరు ఆసుపత్రిలో, రోగులు కూర్చునే గదిలో టీవీ పెట్టుకుని చూస్తుంటారు. వాళ్ళలో తలపండినవాళ్ళున్నారు. ఒక కుక్క తోక ఊపిన తీరు చూసి అది ఏ కాలం బొమ్మో చెప్పగలరు. మేస్త్రి ఈ కథ చెప్పినప్పుడు వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అలాంటిది లేదు మేస్త్రీ" అన్నాడు పళ్ళ డాక్టరు. "అది నీ బుర్రలో మాత్రమే ఆడుతున్న సినిమా. టికెట్టు నీకొక్కడికే."

అప్పట్నుంచీ జట్టులో అతని పేరు మంచుపిల్లి. మేస్త్రి పైకి నవ్వేవాడు గాని, ఇంటికొచ్చి ఆలోచించేవాడు. పిల్లే అబద్ధమైతే, నాన్న నవ్విన నవ్వు మాటేమిటి? అదీ తను కల్పించుకున్నదేనా?

ఇదిలా ఉండగా, క్యాసెట్లు అద్దెకిచ్చే పాత దుకాణం ఒకటి పూర్తిగా ఎత్తేస్తుంటే, మేస్త్రి అట్టపెట్టెల కొద్దీ మోసుకొచ్చాడు. అందులో చీటీ ఊడిపోయిన క్యాసెట్టు ఒకటి వీసీఆర్‌లో వేశాడు. గీతలు, చుక్కలు, గరగర. తర్వాత నల్లపిల్లి.

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. చేప ఉంది. ఏరు ఉంది. ఫెళ్ళున విరిగింది. "ఏమోయ్! ఇలా రా! దొరికింది!" అని వీధంతా వినబడేలా కేకేశాడు. భార్య చేతిలో యూనిఫారం, నోట్లో గుండుసూదులతోనే పరిగెత్తుకొచ్చింది. మంచమంత, పీటంత, పళ్ళెమంత. పిల్లి తోక ఎత్తి పట్టుకుంది. జేబురుమాలంత.

బుడుంగ్.

పిల్లి మునిగిపోయింది. నీళ్ళమీదికి నాలుగు బుడగలొచ్చాయి. ఒక చేప తల బయటపెట్టి, టోపీ తీసి దణ్ణం పెట్టింది. అయిపోయింది.

భార్య గుండుసూదులు తీసి, "పిల్లి చచ్చిపోయిందిగా?" అంది.

"లేదు. ఇంటికెళ్తుంది. ఇక్కడ ఏదో పోయింది. ఉండు." వెనక్కి తిప్పాడు. మళ్ళీ బుడుంగ్. టేపు బయటికి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. ఎక్కడా తెగలేదు, అంటించలేదు. దుకాణంలో అమ్మడానికి కంపెనీ చేసిన క్యాసెట్టు అది, ఇంట్లో రికార్డు చేసుకున్నది కాదు. ఆ వారమంతా ఆ బుడుంగే, పైవాటా ఆవిడ విన్నది.

చెల్లెలికి ఫోన్ చేశాడు. "పడవ వచ్చిందా?" అని అడిగింది, ఊపిరి బిగబట్టి.

"పడవ రాలేదు, ఈదనూ లేదు. మునిగిపోయింది."

"మునగడమేంటి? అది వేరే పిల్లి అయ్యుంటుంది."

"అదే పిల్లే. అదే చేప. అదే తోక."

"అయితే మరి మనం చూసిందేంటి?"

"అదే నాకూ అర్థం కావడంలేదు" అన్నాడు మేస్త్రి. ఆ రోజు పనిలో పెద్దాసుపత్రి లిఫ్టును మూడో అంతస్తుకని నొక్కితే ఐదుకి వెళ్ళేలా బిగించి వచ్చాడు. వాళ్ళు మళ్ళీ పిలిపించి నాలుగు తిట్టి పంపారు.

చిక్కు మీద చిక్కు అన్నట్టు, ఆ సెలవురోజున పళ్ళ డాక్టరు తనంతట తనే ఒక డిస్కు పట్టుకుని మేస్త్రి ఇంటికొచ్చాడు. మొహంలో పశ్చాత్తాపం లాంటిదేదో ఉంది. "నీ ముసలమ్మ దొరికిందయ్యా. ఊలు, పొయ్యి, పిల్లి, అన్నీ ఉన్నాయి. కాకపోతే మంచుపలక లేదు."

వేసి చూశారు. ముసలమ్మ స్వెట్టరు అల్లుతుంటుంది, పిల్లి ఊలుతో ఆడి ఆడి ఇల్లంతా చిక్కుముడి చేస్తుంది, చివరికి అలిసిపోయి ఉండకి తల ఆనించి పడుకుంటుంది. బయట మంచు. లోపల పొయ్యి. ఇదే, అక్షరాలా ఇదే. కానీ ఈ పిల్లి గడప దాటినదే లేదు. చేపా లేదు, సముద్రమూ లేదు.

"అంటే రెండూ ఉన్నాయి" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "నాది మాత్రం లేదు."

"మూడోది ఇంకోటి ఉంటుందేమో. ఇందులో సగం, అందులో సగం తీసి ఎవరైనా..." అని డాక్టరు గడ్డం గోక్కున్నాడు. ఆయనా గందరగోళంలో పడ్డాడు. ఇద్దరూ తల పట్టుకుని మొదట్నుంచి వేశారు. మ్యావు, బుడుంగు, ఊలు. మ్యావు, బుడుంగు, ఊలు.

మూల కూర్చుని కర్టెను అంచు మడుస్తున్న భార్య తలెత్తకుండానే అంది: "అది ఒక పిల్లి కాదండీ."

"అంటే?"

"మొదటి పిల్లికి పాదాలు తెలుపు. మేజోళ్ళు తొడిగినట్టు. పొయ్యి దగ్గర పిల్లికి పాదాలూ నలుపే."

మేస్త్రి ముందుకు వంగాడు. నిజమే. "మరి చిన్నప్పుడు మాకెందుకు కనబడలేదు?"

"పడుకున్న పిల్లి కాళ్ళు కడుపు కిందుంటాయి కదా. మీరు చూసింది పడుకున్నదాన్నేగా." దారం కొరికి, కర్టెను దులిపింది. "ఇది అతుకు. రెండు తానుల్లోంచి కోసి కలిపారు. రెండూ నల్లపిల్లులే, రెంటిలోనూ మంచే, అందుకని కుట్టు కనబడలేదు. టీవీలో వస్తుంటే మీ ఇంట్లోనే రికార్డు చేసేవాళ్ళన్నారుగా? ప్రకటనలొస్తే ఆపేవాళ్ళు, అయిపోగానే వదిలేవాళ్ళు. అక్కడ ఆపారు, ఇక్కడ వదిలారు. అంతే కథ."

డాక్టరు చేతిలో టీ చల్లారిపోయింది. మేస్త్రికి కాళ్ళకింద లిఫ్టు తాడు తెగినట్టయింది. ప్రపంచంలో ఎక్కడా లేని బొమ్మకోసం, తన ఇంట్లో తప్ప ఎక్కడా ఆడని బొమ్మకోసం, ఇన్నేళ్ళుగా కొట్టు కొట్టూ తిరిగాడన్నమాట.

"ఇంతకీ దొరికినట్టా, దొరకనట్టా?" అంది భార్య. "గది ఇస్తారా, ఇవ్వరా? అది చెప్పండి ముందు."

"దొరికినట్టే" అని, "కాదు, దొరకలేదు" అని, "నాకు తెలీదు" అన్నాడు మేస్త్రి.

ఈ సంగతి విన్న చెల్లెలు ఫోన్లోనే ఏడ్చేసింది. "నాన్నే అన్నయ్యా! పిల్లి మునిగిపోతే మనం ఏడుస్తామని, ముందే చూసుకుని, అక్కడ ఆపి, ఇది కలిపాడు. అందుకే ఆ చోటొచ్చేసరికి నవ్వేవాడు. మన మొహాలు చూసి నవ్వేవాడు!"

మేస్త్రికి ఆ మాట నమ్మాలనిపించింది. కానీ బుర్ర ఒప్పుకోలేదు. తిరనాళ్ళలో బుడగ కొనిమ్మంటే 'పేలిపోయేదానికి ఏడుపొకటి' అన్న మనిషి నాన్న. ఆయన కూర్చుని పిల్లల కన్నీళ్ళకి అతుకు వేశాడా? సరిగ్గా మునిగే ముందు ఆపాలంటే, మునుగుతుందని ముందే తెలియాలి. అంటే బొమ్మను ఒకసారి చూసి, మనసులో పెట్టుకుని, మళ్ళీ వచ్చేదాకా కాచుకుని ఉండాలి. లేకపోతే ఏమీ లేదు; అప్పుడే కరెంటు పోయి, తర్వాతి బొమ్మ చివర్లో తిరిగి వచ్చి ఉంటుంది. ప్రేమా, కరెంటు కోతా? రెండూ ఒకేలా కనబడుతున్నాయి. నిన్నటిదాకా అతనికి ఒక్క ప్రశ్నే ఉండేది. జవాబు దొరికాక రెండయ్యాయి.

"అడిగేస్తే పోయె" అంది భార్య. "మావయ్యగారు బతికే ఉన్నారుగా, నిక్షేపంలా."

ఇద్దరూ చెల్లెలి ఇంటికి వెళ్ళారు. తండ్రి వరండాలో కుర్చీ వేసుకుని, బిస్కెట్టును టీలో ముంచి, అది విరిగి పడకముందే నోట్లో వేసుకునే పనిలో ఉన్నాడు. చెల్లెలు ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. మేస్త్రి మొత్తం చెప్పాడు. పిల్లి, పలక, బుడుంగు, ముసలమ్మ, అతుకు.

"ఏ పిల్లి?" అన్నాడు తండ్రి.

"మన క్యాసెట్టులో పిల్లి నాన్నా. రోజూ చూసేవాళ్ళం. ఇంటికి రాగానే నువ్వు నవ్వేవాడివి."

"నేనా? నవ్వేనేమో. ఆ ముసలమ్మ అచ్చం మా మిల్లు మేనేజరులా ఉండేది."

చెల్లెలు ఆయన చెయ్యి పట్టుకుంది. "మేం ఏడవకూడదనే కదా నాన్నా నువ్వలా కలిపావు?"

"నేను కలపడమేంటమ్మా?" తండ్రి బిస్కెట్టు పక్కన పెట్టాడు. కూతుర్నీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు, ఎవరింటి పిల్లలో అన్నట్టు. "ఒరే, ఆ బొమ్మలు టీవీలో ఎప్పుడొచ్చేవిరా?"

"మధ్యాహ్నం" అన్నాడు మేస్త్రి.

"మధ్యాహ్నం నేనెక్కడ?"

"మిల్లులో."

"మీరు?"

"బళ్ళో."

"మరి రికార్డు చేసిందెవర్రా, గోడమీది బల్లా?"

"అమ్మా?" అంది చెల్లెలు. "అమ్మకి వీసీఆర్ వచ్చా? అమ్మకి మిషన్లంటే భయం కదా!"

"భయమని మీకెవరు చెప్పారు? పెట్టెలోంచి తీసి తీగలు తగిలించింది ఆవిడ. గడియారం సరిచేసింది ఆవిడ. నాకు తెలిసింది ఒకటే మీట, అదీ ఆవిడ చూపిస్తే నొక్కేవాణ్ణి. పొద్దున్నే పేపర్లో చూసుకుని, వంట త్వరగా ముగించుకుని, ఆ టీవీ ముందు కూర్చునేది. మీరొచ్చేసరికి మళ్ళీ వంటింట్లో ఉండేది."

కుర్చీ, ఒళ్ళో రిమోటు, నేలమీద తామిద్దరు, లోపల గిన్నెల చప్పుడు. కళ్ళముందున్న ఆ బొమ్మే తిరగబడుతోంది.

"అయితే అమ్మ కావాలనే అలా కలిపిందా నాన్నా? మాకోసమేనా? లేకపోతే అనుకోకుండా పడిందా? నీతో ఏమైనా అన్నదా?"

"నాతో ఎందుకంటుంది? నాకేం తెలుసు?" తండ్రి మళ్ళీ బిస్కెట్టు అందుకున్నాడు. "ముక్కూమొహం తెలియనివాళ్ళందర్నీ పట్టుకుని ఆ పిల్లి గురించి అడిగావు కదరా. పోయేదాకా నీ పక్కగదిలోనే ఉంది, మీ అమ్మని ఒక్కనాడైనా అడిగావా?"